ద్రాక్షతోట దాటితే సముద్రమే!

1967లో టామ్ కల్లిటీ అనే గుండె వైద్యుడు పెర్త్ నగరానికి దక్షిణాన, పశువులు మేసే నేలలో ద్రాక్ష నాటాడు. కాసిన పళ్లను పిట్టలు వదల్లేదు. వాటిని తరమడానికి డేగను తెచ్చి వదిలితే అది ఎగిరిపోయి మళ్లీ కనిపించలేదు. ఆయన స్థాపించిన ‘వాస్ ఫెలిక్స్’ వైన్ సీసాల మీద ఇప్పటికీ డేగ బొమ్మే ఉంటుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మార్గరెట్ రివర్ వైన్ కథకు అదే మొదలు.

మూడు వైపులా సముద్రం, వానలు ఎక్కువగా చలికాలంలోనే, ద్రాక్ష పండే వేళకు పొడి వాతావరణం. ఈ వాతావరణాన్ని ఫ్రాన్స్‌లోని బోర్డోతో పోల్చి శాస్త్రవేత్త జాన్ గ్లాడ్‌స్టోన్స్ 1960లలో వ్యాసాలు రాశాకే కల్లిటీ లాంటివాళ్లకు ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఇక్కడి కాబర్నే సావిన్యాన్, షార్డొనేలకు ప్రపంచమంతా పేరుంది.

పిట్టల బెడద మాత్రం పోలేదు. దానికి అడ్డు నిలిచేది ‘మర్రి’ చెట్టు! పేరు విని ఊడలు వెతక్కండి. ఇది యూకలిప్టస్‌కు చుట్టం. కోతల వేళకు మర్రి విరగబూసిందంటే పిట్టలు తేనె కోసం అటే పోతాయి. పూత తగ్గిన ఏడు రైతులు తోటలకు వలలు కప్పాల్సిందే.

ఎప్పుడు, ఎలా?

పెర్త్ నుంచి సుమారు 270 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. కోతలు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతాయి. మన పిల్లల వేసవి సెలవులు మొదలయ్యేసరికి అక్కడ ఎండ తగ్గి, ఆకులు రంగు మారుతుంటాయి. జూన్ నుంచి వానలు ఎక్కువైనా, తిమింగలాలు కనిపించేదీ అప్పుడే.

నాలుగు రాత్రులు ఉండగలిగితే మేలు. రోజుకు రెండు వైనరీలు చాలు. రుచి చూసి ఉమ్మేయడం అక్కడ తప్పేమీ కాదు, అందుకు పాత్రలు పెట్టే ఉంటాయి. మద్యం తాగి బండి నడిపేవారిపై చట్టం గట్టిగా ఉంటుంది. రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరకూడదు. కాబట్టి తాగనివారి చేతికి తాళాలివ్వాలి, లేదా టూర్ వ్యాన్ మాట్లాడుకోవాలి.

వైన్ ముట్టనివారికీ, పిల్లలకూ చూడాల్సినవి బోలెడు. బసెల్టన్‌లో సముద్రంలోకి 1,841 మీటర్లు సాగిన చెక్క వంతెన మీద చిన్న రైలు నడుస్తుంది. హామెలిన్ బే ఒడ్డుకు పెద్ద పెద్ద టేకు చేపలు వస్తాయి. వాటిని చూడటమే తప్ప తాకకూడదు. లేక్ కేవ్ గుహలో సున్నపురాతి స్తంభాలు నీటిపై వేలాడుతుంటాయి. 1895 నాటి కేప్ లూవిన్ దీపస్తంభం దగ్గర నిలబడితే ఒకవైపు హిందూ మహాసముద్రం, మరోవైపు దక్షిణ మహాసముద్రం. ఈతకు మాత్రం అలలు ఎగసే ప్రెవెల్లీ వద్దు. ఉత్తరాన ప్రశాంతంగా ఉండే మీలప్ తీరం మంచిది.

ప్రెవెల్లీకి సాయంత్రాలు వెళ్లాలి. విశాఖలో, మచిలీపట్నంలో కడలిలోంచి పైకొచ్చే సూర్యుణ్ని చూసి పెరిగినవాళ్లకు, ఇక్కడ అతడు కడలిలోకి దిగడం కొత్త. ఆ ఒక్క పూటకు ఏ పనీ పెట్టుకోకండి. ఏప్రిల్ నెలాఖరులో వెళ్తే ఐదున్నరకల్లా ఒడ్డున ఉండండి.