మీకు తెలుసా? ఆ సింహానికి ఒకప్పుడు కొమ్ములుండేవి!

వెనిస్‌లో సముద్రం ఒడ్డున, ఎత్తైన రాతి స్తంభం మీద ఒక కంచు సింహం రెక్కలు విప్పుకుని నిలబడి ఉంటుంది. బరువు దాదాపు మూడు టన్నులు. ఆ నగరం పేరు చెబితే పడవల తర్వాత గుర్తొచ్చేది అదే. విచిత్రమేమిటంటే అది వెనిస్‌లో పుట్టిన సింహం కాదు. మరి ఎక్కడిదంటే, పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కొందరు అసీరియా అన్నారు, కొందరు పర్షియా అన్నారు, ఇంకొందరు ఇప్పటి టర్కీ దక్షిణ తీరం అన్నారు.

2024లో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎవరూ ఊహించని పేరు చెప్పారు. చైనా! కంచులో కలిసి ఉండే సీసానికి ఒక సుగుణం ఉంది. అది ఏ గని నుంచి వచ్చిందో దాని ఐసోటోపుల నిష్పత్తి పట్టిస్తుంది. ఆ లెక్కన చూస్తే ఈ సింహంలోని లోహం యాంగ్‌ట్సీ నది దిగువ ప్రాంతపు గనులదట. తల మీద కొమ్ములు తీసేసిన ఆనవాళ్లున్నాయి, చెవులు కత్తిరించి పొట్టివి చేశారు. తాంగ్ వంశం కాలంలో, అంటే 7 నుంచి 10వ శతాబ్దం దాకా, చైనాలో సమాధులకు కాపలాగా పెట్టిన కొమ్ముల మృగాలు ఇలాగే ఉండేవి. అంటే ఎవరి సమాధినో కాయాల్సిన మృగం కొమ్ములు పోగొట్టుకుని, పంజా కింద పుస్తకం పెట్టించుకుని, క్రైస్తవ సాధువు గుర్తుగా కొత్త ఉద్యోగంలో చేరిందన్నమాట.

లోహం చైనాది అయినంత మాత్రాన బొమ్మ కూడా అక్కడే పోశారని అనలేం. అయినా పరిశోధకులు ఇంకో అడుగు ముందుకేసి, దీన్ని పంపింది మార్కో పోలో తండ్రి నికోలో, బాబాయి మఫ్ఫేయో అయి ఉండొచ్చంటున్నారు. చైనాను ఏలిన కుబ్లయ్ ఖాన్ కొలువు చూసి వచ్చిన మొదటి పోలోలు ఆ అన్నదమ్ములే. ఇది ఊహే, రుజువు కాదు. కానీ కొట్టిపారేయడానికీ లేదు. ఎందుకంటే ఈ సింహానికి మరమ్మతు చేయించాలని వెనిస్ కాగితాల్లో తొలిసారి కనిపించేది 1293లో. అప్పటికే అది స్తంభం మీద ఉంది, అప్పటికే దెబ్బతిని ఉంది. మార్కో పోలో ఇల్లు చేరింది ఆ తర్వాత, 1295లో.

అన్నట్టు ఆ తిరుగు ప్రయాణం గురించి చెబుతూనే మార్కో పోలో మన తీరాన్నీ తలుచుకున్నాడు. ఆయన 'ముత్ఫిలి' అని రాసింది ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. అక్కడి వజ్రాలను, పలుచని బట్టలను, న్యాయంగా ఏలిన ఒక రాణిని ఆయన మెచ్చుకున్నాడు. ఆ రాణి మన రుద్రమదేవే అన్నది చరిత్రకారుల మాట.

పంది మాంసం కింద సాధువు

రెక్కల సింహం వెనిస్‌కు ఎందుకు గుర్తయింది? దీనికి జవాబు ఒక దొంగతనంలో ఉంది. 828లో ఇద్దరు వెనిస్ వర్తకులు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నుంచి సువార్తికుడైన మార్కు అవశేషాలను ఎత్తుకొచ్చారని కథ. రేవులో ముస్లిం సుంకం అధికారులు తనిఖీ చేస్తారు కదా? బుట్టలో పైన పంది మాంసం కప్పారట. అధికారులు ముక్కులు మూసుకుని పొమ్మన్నారు. సిగ్గుపడి దాచుకోవలసిన ఈ సంగతిని వెనిస్ వాళ్లు తమ పెద్ద గుడిలో, అదే సెయింట్ మార్క్ బసిలికాలో, మొజాయిక్ బొమ్మలుగా వేయించుకున్నారు! అప్పటిదాకా ఊరిని కాచిన థియోడర్ అనే సాధువు రెండో స్థానానికి దిగిపోయాడు. పక్క స్తంభం మీద మొసలి లాంటి జంతువును తొక్కి నిలబడ్డది ఆయనే.

ఈ రెండు స్తంభాల మధ్య నుంచి నడవడానికి వెనిస్ పాతకాపులు ఈనాటికీ జంకుతారు. ఒకప్పుడు మరణశిక్షలు అమలు చేసింది అక్కడే.

డేగ కావలసింది, సింహం అయింది

బైబిల్లో యెహెజ్కేలు గ్రంథం, ప్రకటన గ్రంథం రెండింటిలోనూ నాలుగు జీవులు కనిపిస్తాయి. మనిషి, సింహం, ఎద్దు, పక్షిరాజు అంటే డేగ. ఈ నాలుగింటినీ నలుగురు సువార్తికులకు పంచారు. మత్తయికి మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు డేగ. స్థిరపడిన ఈ పంపకం జెరోమ్ పండితుడిది. మార్కు సువార్త అరణ్యంలో వినిపించే కేకతో మొదలవుతుంది కాబట్టి సింహం సరిపోయిందని వ్యాఖ్యానం చెప్పారు. కానీ అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఐరేనియస్ అనే బిషప్ ఇంకోలా పంచాడు. ఆయన లెక్కలో సింహం యోహానుది, డేగ మార్కుది! ఆ మాటే చెల్లుబాటైతే వెనిస్ జెండా మీద ఇవాళ డేగ ఎగిరేది.

ఇంకో సరదా లెక్క. యెహెజ్కేలు చూసిన జీవులకు తలా నాలుగు రెక్కలు, ప్రకటన గ్రంథంలోని జీవులకు తలా ఆరు. చిత్రకారులు మాత్రం సింహానికి రెండే ఇచ్చారు. శిల్పి బాధ శిల్పిది.

నేల మీద రెండు కాళ్లు, నీళ్లలో రెండు

విత్తోరె కార్పాచ్చో 1516లో వేసిన సింహాన్ని వెనిస్ డ్యూకల్ ప్యాలెస్‌లో జాగ్రత్తగా చూడాలి. ముందు కాళ్లు గడ్డ మీద, వెనక కాళ్లు నీళ్ల మీద. ఇటలీ నేల మీదా ఏలుతాం, సముద్రం అవతలా ఏలుతాం అని ఒక్క బొమ్మలో చెప్పేశారు. ఉపన్యాసం అక్కర్లేని రాజకీయం ఇది. నాణేల మీద, చిన్న పలకల మీద చోటు చాలనప్పుడు సింహాన్ని ఎదురుగా కూర్చోబెట్టి రెక్కలు రెండు పక్కలా గుండ్రంగా తిప్పేవారు. అది అచ్చం పీత ఆకారంలో ఉంటుందని వెనిస్ వాళ్లే ఆ భంగిమకు పీత పేరు పెట్టుకుని నవ్వుకుంటారు.

సైప్రస్‌లోని ఫమగుస్తా కోట, క్రీట్‌లోని హెరాక్లియోన్ కోట... వెనిస్ ఓడ ఆగిన ప్రతి రేవులో గోడ మీద ఈ సింహం ఉండేది. ఊరు మాదే అని చెప్పడానికి అదే రిజిస్ట్రేషన్ కాగితం. అందుకే 1797లో నెపోలియన్ వెనిస్‌ను పడగొట్టినప్పుడు సైన్యంతో పాటు సింహాల మీదా కత్తి గట్టారు. ఉలి పట్టి గోడల మీద నుంచి చెక్కేశారు. డ్యూకల్ ప్యాలెస్ గుమ్మం మీద డోజె, అంటే వెనిస్ పాలకుడు, ఫోస్కారి ఎదుట మోకరిల్లి ఉన్న సింహం ఇప్పుడు కనిపిస్తోందంటే, అది 19వ శతాబ్దంలో మళ్లీ చెక్కి పెట్టింది. స్తంభం మీది కంచు సింహాన్నయితే పారిస్‌కు మోసుకుపోయి ఒక ఫౌంటెన్ మీద నిలబెట్టారు. 1815లో తిరిగి ఇచ్చేందుకు దించుతుంటే కిందపడి ముక్కలైంది. అతికించి మరుసటి ఏడాది పాత చోట పెట్టారు. ఏ దేశంలో పుట్టిందో తేలని ఆ జంతువు రెండు రాజ్యాలు, ఒక విప్లవం, ఒక పతనం చూసి మళ్లీ స్తంభమెక్కింది. నాకైతే దాని పుట్టుక కంటే ఈ మొండితనమే ఎక్కువ నచ్చుతుంది.

అయిదు కాళ్లు ఎందుకు?

వెనిస్ కంటే వేల ఏళ్ల ముందే రెక్కల సింహం పశ్చిమాసియాలో పుట్టింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో నిమ్రుద్ రాజభవనం నుంచి తెచ్చిన సింహ విగ్రహాలున్నాయి. మనిషి తల, సింహం ఒళ్లు, పెద్ద రెక్కలు. క్రీస్తుపూర్వం 9వ శతాబ్దంలో అసీరియా రాజు రెండో అషూర్‌నసీర్‌పాల్ కట్టించిన భవనం అది. లెక్కపెడితే కాళ్లు అయిదు! తప్పు కాదు, తెలివి. ఎదురుగా చూస్తే రెండు కాళ్ల మీద నిలబడి కాపలా కాస్తున్నట్టు, పక్కనుంచి చూస్తే నాలుగు కాళ్లతో నడుస్తున్నట్టు కనిపించాలని అదనంగా ఒకటి పెట్టారు.

మనవైపు వస్తే, సాంచీ స్తూపం తోరణాల మీద రెక్కల సింహాలున్నాయి. ఆ తోరణాల్లో దక్షిణం వైపుదాని మీద శాతకర్ణి రాజు శిల్పుల పెద్ద పేరు చెక్కి ఉంది. మన శాతవాహనుల జాడ అది.

ఇక శరభం. నరసింహుడి ఉగ్రం చల్లార్చడానికి శివుడు దాల్చిన రూపమని శైవులు చెబుతారు. సింహం ఒళ్లు, పక్షి రెక్కలు. కుంభకోణం దగ్గర తిరుభువనం గుడిలో శరభేశ్వరుడికి ప్రత్యేక సన్నిధి ఉంది. వైష్ణవులు దీన్ని ఒప్పుకుంటారా? వాళ్లు శరభాన్ని ఓడించడానికి గండభేరుండాన్ని దించారు. గోదావరి జిల్లాల్లో వీరభద్రుడి సంబరంలో ఖడ్గాలు చదువుతూ 'అశ్శరభ శరభ' అని కేక వేస్తారే, ఆ శరభమే ఇది. మైసూర్ శాండల్ సబ్బు పెట్టె మీద ఉండేది కూడా శరభమే. కాకపోతే అక్కడ సింహం ఒంటికి ఏనుగు తల పెట్టారు, రెక్కలు ఊడిపోయాయి.

గ్రిఫిన్ వేరు, ఈ సింహం వేరు

తల కూడా డేగదైతే అది గ్రిఫిన్. బంగారాన్ని కాస్తుందని గ్రీకుల నమ్మకం. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1826 నాటి బ్యాంక్ బ్రిడ్జి మూలల్లో బంగారు రెక్కల బొమ్మలు నోటితో వంతెన తీగలు పట్టుకుని కూర్చుంటాయి. అందరూ వాటిని గ్రిఫిన్లంటారు గానీ, తల చూస్తే అసలు సిసలు సింహాలు. పక్కనే అప్పట్లో డబ్బు నోట్ల బ్యాంకు ఉండేది, కాపలా మాత్రం సరిగ్గానే కుదిరింది.

కథల్లో ఈ తికమక ఇంకా ఎక్కువ. దాంతే కావ్యంలో బియాత్రిచే రథాన్ని లాగేది గ్రిఫిన్. లూయిస్ కరోల్ 'ఆలిస్' కథలో అదే గ్రిఫిన్ ఎండలో పడి నిద్రపోతుంది. హ్యారీ పాటర్‌లో బడిలోని ఒక జట్టుకు గ్రిఫిన్‌డోర్ అని పేరు పెట్టి, జెండా మీద మాత్రం రెక్కలు లేని సింహాన్ని కూర్చోబెట్టారు.

సినిమా వాళ్లకు తెలిసిన రెక్కల సింహం వెనిస్ చలనచిత్రోత్సవం ఇచ్చే గోల్డెన్ లయన్. సత్యజిత్ రే 'అపరాజితో'కు 1957లో, మీరా నాయర్ 'మాన్సూన్ వెడ్డింగ్'కు 2001లో దక్కింది.

చివరగా సముద్రం మీది సంగతి. ఇటలీ ఓడల జెండాలో నాలుగు పాత సముద్ర రాజ్యాల గుర్తులుంటాయి. అందులో ఒకటి వెనిస్ సింహం. యుద్ధనౌక జెండా మీద ఆ సింహం కత్తి పట్టుకుంటుంది, సరుకుల ఓడ జెండా మీద పుస్తకం పట్టుకుంటుంది. విశాఖ రేవులో ఎప్పుడైనా ఇటలీ ఓడ కనిపిస్తే సింహం పంజా వంక చూడండి, వచ్చింది నావికాదళమో వర్తకులో తెలిసిపోతుంది.