అల్మాస్‌గూడ దారికి మూడు సిలిండర్లు

అల్మాస్‌గూడ, బడంగ్‌పేట, మీర్‌పేట వైపు ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఎందరికో కొలువు మాత్రం నగరానికి అవతలి కొసన, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల్లో ఉంది. చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, మెహదీపట్నం మీదుగా పోతే ముప్పై కిలోమీటర్లు దాటుతుంది. తుక్కుగూడ దగ్గర అవుటర్ రింగు రోడ్డెక్కి శంషాబాద్ మీదుగా పోతే సిగ్నళ్లు తప్పుతాయి గానీ దూరం పెరుగుతుంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే రాయదుర్గం దాకా వెళ్లొచ్చు. ఆఫీసు స్టేషనుకు దగ్గరైనవాళ్లు ఈ వ్యాసం చదవనక్కర్లేదు, మెట్రోను మించిన చవక లేదు. రాత్రి షిఫ్టులవాళ్లకూ, కోకాపేట లోపలి దాకా పోవలసినవాళ్లకూ ఆ వీలు లేదు. ఇంట్లో ఉన్న పెద్ద కారు కుటుంబానికి వదిలేసి, రోజూ తిరగడానికి మరొకటి చవకలో చూసుకుందామనుకుంటారు. అప్పుడు అందరూ అడిగేవి ధర, మైలేజీ. ఆ రెండింటికీ వేరు ఒక్కచోటే ఉంది: బానెట్ కింద ఎంత ఇంజను మోస్తున్నాం అన్నది. ఈ దారికి మూడు సిలిండర్లు చాలు. అంతకు మించి పెట్టే ఖర్చులో చాలా భాగం పనిచేయని ఇనుముకు పోతుంది.

ముందు అవసరం ఎంతో చూద్దాం. మనిషితో కలిపి 900 కిలోలుండే చిన్న కారు చదునైన రోడ్డు మీద నిలకడగా గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోవడానికి చక్రాల దగ్గర కావలసింది మూడు నాలుగు అశ్వశక్తి. 80 దగ్గర తొమ్మిది, 100 దగ్గర పదిహేను చాలు. గాలి నిరోధాన్ని దాటడానికి కావలసిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది కాబట్టే పైకి పోయేకొద్దీ అంకె అంత తొందరగా ఎగబాకుతుంది. ఇప్పటి చిన్న పెట్రోల్ కార్లకు కూడా 65 అశ్వశక్తికి తక్కువ లేదు. అంటే చాంద్రాయణగుట్ట ట్రాఫిక్‌లో ఇంజను తన సత్తాలో పదో వంతు కూడా వాడదు. పెట్రోల్ ఇంజనుకు పెద్ద జబ్బు అక్కడే ఉంది. తక్కువ శక్తి చాలన్నప్పుడు థ్రాటిల్ దాదాపు మూసుకుంటుంది. ఆ సన్నటి సందులోంచి గాలిని లోపలికి గుంజడానికే పిస్టన్లు శ్రమపడతాయి, ఆ శ్రమకూ పెట్రోలే ఖర్చవుతుంది. ఇంజను చిన్నదైతే అదే పనికి థ్రాటిల్ ఇంకాస్త తెరుచుకుని ఆ నష్టం తగ్గుతుంది. దీనికి తోడు బరువు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసిన ప్రతిసారీ అప్పటిదాకా కూడగట్టిన శక్తంతా వేడిగా గాలిలో కలుస్తుంది. 900 కిలోల బండికి పోయేది 55 కిలోజౌళ్లు, 1,500 కిలోల బండికి 90కి పైగా. ఒక్క ఉదయం ఎన్ని బ్రేకులు పడతాయో ఆ దారిలో నడిపేవారికి తెలుసు.

మరి చిన్న ఇంజనులో మూడు సిలిండర్లే ఎందుకు? లీటరు పరిమాణాన్ని నాలుగుగా కాక మూడుగా పంచితే, ఆకారం అదే అనుకున్నప్పుడు, సిలిండర్ల గోడల మొత్తం వైశాల్యం దాదాపు 9 శాతం తగ్గుతుంది. మండిన వాయువు వేడి ఆ గోడల గుండానే రేడియేటర్ నీళ్లలోకి పారిపోతుంది కాబట్టి అది నేరుగా మిగులు. ఒక పిస్టన్, దాని రింగులు, బేరింగులు, వాల్వులు తగ్గితే రాపిడి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, తయారీ ఖర్చూ తగ్గుతుంది. ఈ లెక్క ఇంజనీర్లకు కొత్తది కాదు. 1950లలో జర్మనీలో డీకేడబ్ల్యూ, స్వీడన్‌లో సాబ్ మూడు సిలిండర్ల కార్లు నడిపాయి. సుజుకి 1967 నాటి ఫ్రాంటేలో 356 సీసీ ఇంజనుకూ సిలిండర్లు మూడే. అవన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లు. పొగ ఎక్కువ, తాగుడూ ఎక్కువ. 1977లో దైహత్సు చరేడ్‌లో 993 సీసీతో మూడు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ వచ్చింది. చిన్న కారుకు ఈ అమరిక సరిపోతుందన్న నమ్మకం కుదిరింది దానితోనే.

మన దగ్గరికి ఆ అమరిక 1983 డిసెంబరు 14న మారుతి 800 రూపంలో వచ్చింది. ఆ రోజు ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి తాళం చెవి అందుకున్నది ఢిల్లీ వాసి హర్‌పాల్ సింగ్. కారు ధర 47,500 రూపాయలు. సుజుకి ఎఫ్8 వర్గానికి చెందిన ఆ 796 సీసీ ఇంజను నలభై అశ్వశక్తి కూడా దాటదు. అప్పటికి ఇక్కడ కారంటే టన్నుకు పైగా బరువుతో, 1,489 సీసీ నాలుగు సిలిండర్లతో కదిలే అంబాసిడర్. దాని పక్కన 650 కిలోల మారుతిని చూసి ఇది నలుగురిని మోస్తుందా అని జనం సందేహించారు. మోసింది, ముప్పై ఏళ్లు మోసింది. అదే ఇంజను ఆమ్ని వ్యానులోనూ కూర్చుని బడిపిల్లలనూ రోగులనూ మోసింది. 2014 జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయేనాటికి దాని వారసుడు ఊరంతా తిరుగుతున్నాడు. 2008లో ఎ స్టార్ కారుతో వచ్చిన 998 సీసీ అల్యూమినియం ఇంజను కె10 రెండేళ్లకే వ్యాగన్‌ఆర్, ఆల్టోల్లోకి ఎక్కింది. హ్యుందాయ్ దారి ఇంకా సూటిది. శాంత్రోలోని 1,086 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక సిలిండరు తీసేసి 814 సీసీ చేసి 2011లో ఇయాన్‌లో పెట్టింది. 1,086లో ముప్పాతిక ఎంతో లెక్కవేస్తే దాదాపు ఆ అంకే వస్తుంది. టాటా ఇంకా కిందికి దిగి నానోకు రెండే సిలిండర్లు ఇచ్చింది, ఊపు అణచడానికి బ్యాలెన్స్ షాఫ్టు జోడించాల్సి వచ్చింది. 2016లో టియాగో తెచ్చినప్పుడు అదే టాటా మూడింటికి వచ్చి ఆగింది.

మూడు సిలిండర్ల బండి వణుకుతుందన్నది పాత ఫిర్యాదు. అది నిజమే. క్రాంక్ 240 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక సిలిండరు మండుతుంది. పైకీ కిందికీ లాగే బలాలు మూడింటి మధ్య చెల్లుకుపోయినా, ముందూ వెనకా ఊపే జంటబలం మిగులుతుంది. తొట్టిలో నీళ్లలా ఇంజను అటూ ఇటూ ఊగుతుంది. క్రాంక్ చివర్ల బరువులతో, మెత్తటి మౌంటింగులతో దాన్ని చాలావరకు అణచారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీటు కింద మిగిలే సన్నటి అదురు ఈ మిగులుకు చెల్లించే చిన్న ధరే. ఇది పేదవాడి ఇంజను అనే మాట మాత్రం నిలవదు. ఫోర్డ్ లీటరు ఎకోబూస్ట్ ఇంజను 2012 నుంచి వరసగా మూడేళ్లు అంతర్జాతీయ మేటి ఇంజనుగా ఎంపికైంది. బీఎండబ్ల్యూ తన ఐ8 స్పోర్ట్స్ కారుకూ మూడు సిలిండర్లే పెట్టింది.

అవుటర్ మీద ఇది చాలుతుందా అనే ప్రశ్న ఇంతకంటే బరువైంది. 2023లో అక్కడ కార్ల వేగ పరిమితి 120కి పెంచారు. శక్తి చాలుతుంది, 100 దగ్గర పదిహేను అశ్వశక్తి చాలితే 120కి ఇంకొంత కావలసినా ఇంజనులో అంతకు మించే ఉంది. పక్క లారీని దాటడానికి మాత్రం ముందుగా గేరు దించాలి. నన్ను ఆలోచింపజేసేది ఇంజను కాదు, రేకు. 2023లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఢీకొట్టించి చూసినప్పుడు పెద్దల రక్షణలో ఆల్టో కె10కు రెండు చుక్కలు, వ్యాగన్‌ఆర్‌కు ఒక్కటే వచ్చాయి. 2020లో టియాగోకు నాలుగు వచ్చాయి, అదీ మూడు సిలిండర్లదే. కాబట్టి తేలికపాటి బండి కావాలన్న వాదనను ప్రాణం దాకా సాగదీయకూడదు. రోజూ తుక్కుగూడ దగ్గర అవుటర్ ఎక్కేవారు వంద కిలోలు ఎక్కువ మోసినా గట్టి బండినే తీసుకోవాలి. నగరం లోపలినుంచే పోయేవారైనా 2019 ఏప్రిల్ తర్వాత తయారైన బండికి తగ్గకూడదు. అన్ని కార్లకూ ఏబీఎస్ తప్పనిసరి అయింది అప్పుడే, ఆ జులై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ కూడా.

ఇక గ్యాసు, కరెంటు. సీఎన్‌జీ ఈ కథకు అడ్డం రాదు, అదే మూడు సిలిండర్ల ఇంజను ఇంకో ఇంధనంతో నడవడమే. కిలోకు కంపెనీ చెప్పే అంకె ఆల్టో కె10కు 33.85 కిలోమీటర్లు. డిక్కీ పోతుంది, బంకు దగ్గర వరస ఉంటుంది. ఒక్కరే వెళ్లివచ్చే బండికి మొదటిది లోటు కాదు, రెండోది ఎవరి ఓపిక వారిది. కరెంటు బండి మాత్రం అసలైన పోటీ. తక్కువ పని చేస్తున్నప్పుడు పెట్రోల్ ఇంజనుకు వచ్చే ఆ జబ్బు మోటారుకు దాదాపు లేదు, బ్రేకులో పోయే శక్తిలో కొంత తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. రోజుకు 70 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 20,000 అనుకుందాం. ట్రాఫిక్‌లో లీటరుకు 12 ఇచ్చే పెద్ద బండి 1,660 లీటర్లకు పైగా తాగుతుంది, 18 ఇచ్చే మూడు సిలిండర్లది 1,110. లీటరు నూరు రూపాయలే అనుకున్నా మిగులు 55,000. టియాగో ఈవీ వంటిది చార్జింగులో పోయేదానితో కలిపి కిలోమీటరుకు 0.14 యూనిట్ తీసుకుంటే ఏడాదికి 2,800 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలైనా పాతికవేలే. దాని 19.2 యూనిట్ల చిన్న బ్యాటరీకి కంపెనీ మొదట చెప్పిన 250 కిలోమీటర్లు రోడ్డు మీద రావు, అయినా ఒక రోజు రానుపోను సరిపోతుంది. సొంత ఇల్లు, గేటు లోపల ప్లగ్గు, కొత్త బండికి డబ్బు ఉన్నవారికి ఇంత దూరంలో ఈవీ గెలుస్తుంది, అది దాచను. పైగా తెలంగాణలో ఒకరి పేరున రెండో కారు రిజిస్టరైతే జీవితకాల పన్ను మామూలుకంటే 2 శాతం ఎక్కువ పడుతుంది. ఈవీలకు 2024 నవంబరులో ఇచ్చిన మినహాయింపు 2026 డిసెంబరు 31 దాకా ఆ పన్ను మొత్తాన్నే తీసేసింది. కానీ అద్దె వాటాలో ఉంటూ, బండిని గల్లీలో నిలుపుకొని, మూడు నాలుగు లక్షలతో వెతికేవారికి ఆ లెక్క పనికిరాదు. వారికి నాలుగైదేళ్లు తిరిగిన మూడు సిలిండర్ల పెట్రోల్ బండే తగినది.

అటువంటి పాత బండి బేరమాడేటప్పుడు ఈ ఇంజను స్వభావమే కొనేవారికి సాయపడుతుంది. నాలుగింట్లో ఒకటి సరిగా మండకపోయినా కొన్నాళ్లు మూలుగుతూ లాక్కొస్తుంది. మూడింట్లో ఒకటి తగ్గితే మూడో వంతు బలం పోయి బండి మొత్తం ఊగిపోతుంది, దాచడం కుదరదు. అందుకే రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజనును యజమాని ఇంటి దగ్గరే పొద్దున్నే స్టార్ట్ చేయించాలి. ముందే వేడెక్కించి ఉంచిన బండైతే మరో రోజు వస్తామని చెప్పాలి. ఏసీ వేసి, న్యూట్రల్‌లో రెండు నిమిషాలు వదిలి, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. అదురు ఒకే తీరున ఉంటే మౌంటింగుల అరుగుదల, కొత్తవి వేయిస్తే పోతుంది. మధ్యమధ్య కుదుపులా వస్తే ప్లగ్గో, కాయిలో, అంతకంటే లోపలి కంప్రెషనో. ఆ మూడో అనుమానం తీరేదాకా, మెకానిక్ చేత మూడు సిలిండర్లలోనూ గేజి పెట్టించి అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయని చూసేదాకా, అడ్వాన్సు ఇవ్వకూడదు.