కంప్యూటర్ మారింది, గంట మూగబోయింది

గంట మోగనంత మాత్రాన రైలు ఆగదు. ప్రభుత్వ గడువులూ అంతే. పన్నుల శాఖ నోటీసు, బ్యాంకు హెచ్చరిక, కొనుగోలుదారు ఉత్తరం కంప్యూటర్‌కు చేరినా, ఆ సంగతి చెప్పే చిన్న సూచన తెర మూలన కనిపించకపోతే నష్టపోయేది దాని కోసం ఎదురుచూస్తున్నవారే. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చిన తర్వాత అనేక కార్యాలయాల్లో తలెత్తుతున్న చిక్కు ఇదే.

2015 జూలై 29న విడుదలైన విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించింది. అదనపు భద్రతా పథకంలో చేరినవారికి తప్ప మిగిలినవారికి ఆనాటి నుంచి ఉచిత భద్రతా సవరణలు నిలిచిపోయాయి. దాంతో దుకాణాలు, ఆడిటర్ల కార్యాలయాలు, చిన్న పరిశ్రమలు విండోస్ 11 వైపు మళ్లక తప్పలేదు. మారిన తర్వాత పాత ఫైళ్లు భద్రంగానే ఉన్నాయి, ప్రింటర్ పనిచేస్తోంది. కానీ కొత్త మెయిల్ వచ్చినట్లు తెలిపే నోటిఫికేషన్ మాత్రం రావడం లేదు. మిగతా పనులన్నీ సక్రమంగా సాగుతుండటం వల్ల ఈ లోపం చాలా రోజుల వరకు ఎవరి దృష్టికీ రాదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

చూడలేదన్న సాకు చెల్లదు

ఒకప్పుడు నోటీసు అంటే తపాలా జవాను తలుపు తట్టి, సంతకం తీసుకొని ఇచ్చే కాగితం. ఇప్పుడు ఆ పరిస్థితి మారింది. వస్తుసేవల పన్ను చట్టంలోని 169వ సెక్షన్ ప్రకారం నమోదిత ఈమెయిల్‌కు పంపడం, జీఎస్టీ పోర్టల్‌లో ఉంచడం కూడా నోటీసు అందజేసే చట్టబద్ధ మార్గాలే. రిటర్నుల్లో తేడాలను ప్రశ్నిస్తూ ఇచ్చే ఏఎస్ఎంటీ-10 నోటీసుకు జవాబు గడువు 30 రోజులకు మించదు. రిజిస్ట్రేషన్‌ను ఎందుకు రద్దు చేయరాదో చెప్పాలంటూ ఇచ్చే ఆర్ఈజీ-17 నోటీసుకైతే ఉన్నది 7 పనిదినాలే. రిజిస్ట్రేషన్ రద్దయిన వ్యాపారి పన్ను వసూలుచేస్తూ బిల్లు ఇవ్వలేడు. ఆదాయపు పన్ను శాఖ సైతం 2020 ఆగస్టు 13న ఫేస్‌లెస్ అసెస్‌మెంట్‌ను ప్రారంభించి, మదింపు వ్యవహారాలను ఎలక్ట్రానిక్ పద్ధతికి మళ్లించింది.

గుంటూరు మిర్చి వ్యాపారి అయినా, సూరత్ వస్త్ర వ్యాపారి అయినా, తిరుప్పూరు బనియన్ల తయారీదారు అయినా ఈ నిబంధనలు అందరికీ ఒక్కటే. కంప్యూటర్ చెప్పలేదని గుమస్తా వివరించవచ్చు. గడువు మాత్రం గడిచిపోతుంది.

లోపం ఎక్కడ?

సందేశం పంపినచోటి నుంచి కంప్యూటర్ తెరకు చేరేలోగా మూడు మజిలీలు దాటాలి. ముందు అది ఇంటర్నెట్ ద్వారా మెయిల్ ప్రోగ్రామ్‌కు చేరాలి. ఆ ప్రోగ్రామ్ విండోస్‌కు సమాచారం ఇవ్వాలి. విండోస్ దానిని తెరపై చూపాలి. ఎక్కడ తెగిందో తెలుసుకోకుండా అన్నింటినీ కదపడం వల్ల ప్రయోజనం ఉండదు.

ఇందుకు సులభమైన పరీక్ష ఒకటుంది. వేరొక ఫోను నుంచి కార్యాలయం మెయిల్‌కు ఒక సందేశం పంపాలి. అది ఇన్‌బాక్స్‌లోకి వెంటనే వచ్చి, తెరపై సూచన మాత్రం కనిపించకపోతే లోపం నోటిఫికేషన్ల ఏర్పాటులో ఉన్నట్లు. ఇన్‌బాక్స్‌లోకే రాకపోతే ఖాతా అనుసంధానంలోనో, ఇంటర్నెట్‌లోనో ఉన్నట్లు. ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే మౌనంగా ఉందా, అన్నీ మౌనంగా ఉన్నాయా అన్నది తర్వాత చూడవలసిన అంశం.

మౌనవ్రతం

అన్నీ మౌనంగా ఉంటే మొదట అనుమానించవలసింది 'డు నాట్ డిస్టర్బ్' మీటను. విండోస్ 10లో ఫోకస్ అసిస్ట్ అనే పేరుతో ఉన్న ఈ సదుపాయం విండోస్ 11కు 2022 సెప్టెంబరులో వచ్చిన మార్పుతో కొత్త పేరు, కొత్త స్థానం పొందింది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో నోటిఫికేషన్స్ తెరిస్తే ఇది కనిపిస్తుంది. ఇది పనిచేస్తున్నంతసేపూ సందేశాలు తెరపైకి రావు. నోటిఫికేషన్ కేంద్రంలో పోగుపడతాయి. విండోస్ మీటతో పాటు ఎన్ అక్షరాన్ని నొక్కితే ఆ కేంద్రం తెరుచుకుంటుంది.

ఈ మౌనాన్ని ఎవరూ కోరకపోయినా దానంతటదే ఆరంభమయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. నిర్ణీత వేళల్లో, తెరను ప్రొజెక్టరుకు కలిపినప్పుడు, ఏదైనా ప్రోగ్రామ్ తెర మొత్తాన్ని ఆక్రమించినప్పుడు నోటిఫికేషన్లను ఆపే నియమాలు అక్కడే ఉంటాయి. పెద్ద అప్‌డేట్ జరిగిన తర్వాత మొదటి గంటసేపు మౌనం పాటించాలన్న నియమం వాటిలో ఒకటి కావడం గమనార్హం. కాబట్టి అప్‌గ్రేడ్ పూర్తయిన వెంటనే ఆందోళన చెందనవసరం లేదు. గంట దాటినా ఫలితం లేకపోతేనే ముందుకు సాగాలి.

ప్రోగ్రామ్‌కో అనుమతి

అదే పేజీలో కిందికి వెళితే ప్రతి ప్రోగ్రామ్‌కూ విడివిడిగా మీట ఉంటుంది. దాన్ని తెరిస్తే, సూచనను తెరపై చూపడం, కేంద్రంలో ఉంచడం, శబ్దం చేయడం అనే మూడింటికీ వేర్వేరు అనుమతులు కనిపిస్తాయి. మొదటిది ఆగిపోయి మిగిలినవి పనిచేస్తుంటే శబ్దం వినిపిస్తుంది, సందేశం కనిపించదు.

పాత మెయిల్ ప్రోగ్రామ్‌నే నమ్ముకున్నవారి సంగతి వేరు. విండోస్‌తో పాటు వచ్చిన మెయిల్, క్యాలెండర్ ప్రోగ్రామ్‌లకు 2024 డిసెంబరు 31తో మద్దతు ముగిసింది. వాటి స్థానంలో కొత్త ఔట్‌లుక్ వచ్చింది. అందులో ఖాతాను చేర్చి, అనుమతి ఇచ్చేవరకు సూచనలు రావు. పాత ఔట్‌లుక్‌లో మరో మెలిక ఉంది. పన్నుల శాఖ మెయిళ్లన్నీ ప్రత్యేక ఫోల్డర్‌లోకి వెళ్లేలా నియమం పెట్టుకున్నవారికి, ప్రధాన ఇన్‌బాక్స్‌లో పడని ఆ మెయిళ్లకు మామూలుగా సూచన రాదు. సౌకర్యం కోసం చేసిన ఏర్పాటే ముఖ్యమైన మెయిల్‌ను కనుమరుగు చేస్తుంది.

క్రోమ్ వంటి బ్రౌజర్‌లో మెయిల్ చూసేవారికి రెండు తలుపులున్నాయి. ఆ వెబ్‌సైట్‌కు బ్రౌజర్ అనుమతి ఇవ్వాలి, బ్రౌజర్‌కు విండోస్ అనుమతి ఇవ్వాలి. ఏ ఒక్కటి మూసివున్నా సందేశం బయటే ఆగిపోతుంది.

ఇవన్నీ సవ్యంగా ఉంటే ప్రోగ్రామ్ నడుస్తోందో లేదో చూడాలి. కంప్యూటర్ ఆరంభమైనప్పుడు దానితో పాటు తెరుచుకునే జాబితాలో ఆ ప్రోగ్రామ్ లేకపోతే, ఎవరో తెరిచేవరకు అది మాట్లాడదు. ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ పొదుపు విధానం సైతం తెరవెనుక పనులను తగ్గిస్తుంది. చివరగా రీస్టార్ట్ చేయాలి. షట్‌డౌన్ చేసి మళ్లీ వెలిగించడం దీనికి సమానం కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న యంత్రాల్లో షట్‌డౌన్ పాత స్థితిలో కొంత భాగాన్ని దాచి ఉంచుతుంది. రీస్టార్ట్ మాత్రమే మొత్తాన్ని కొత్తగా ఆరంభిస్తుంది. సంస్థల కంప్యూటర్లలో కొన్ని మీటలు కదలకపోతే అవి సంస్థ సాంకేతిక విభాగం అధీనంలో ఉన్నట్లు అర్థం చేసుకోవాలి.

నకిలీ గంటలు

నోటిఫికేషన్లు రావడం లేదన్న ఆత్రుతలో అడిగిన ప్రతి వెబ్‌సైట్‌కూ అనుమతి ఇవ్వడం మరింత ప్రమాదకరం. మోసపూరిత వెబ్‌సైట్లు ఆ అనుమతితోనే, కంప్యూటర్‌కు వైరస్ సోకిందనీ, వెంటనే ఫలానా నంబరుకు ఫోను చేయాలనీ విండోస్ హెచ్చరికను పోలిన సందేశాలు పంపుతాయి. మైక్రోసాఫ్ట్ నిజమైన హెచ్చరికల్లో ఫోను నంబరు ఎన్నడూ ఉండదు. సాంకేతిక సహాయం పేరిట సాగుతున్న ఇటువంటి మోసాలపై మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదుల ఆధారంగా సీబీఐ 2023 అక్టోబరులో 'ఆపరేషన్ చక్ర-2'లో భాగంగా సోదాలు జరిపింది. డబ్బు పోగొట్టుకున్నవారు జాప్యం లేకుండా 1930 నంబరుకు తెలపాలి. బ్రౌజర్ అనుమతుల జాబితాలో గుర్తుపట్టలేని పేర్లుంటే తొలగించడం శ్రేయస్కరం.

మీటలన్నీ సరిచేసిన తర్వాత కూడా ఒక జాగ్రత్త అవసరం. తెర మూలన క్షణకాలం మెరిసి మాయమయ్యే సూచన మనిషికి సహాయమే తప్ప, చట్టం దృష్టిలో దానికి విలువ లేదు. జీఎస్టీ పోర్టల్‌ను, నమోదిత మెయిల్‌ను ప్రతి పనిదినం ఉదయం ఒకసారి తెరిచి చూసే బాధ్యతను కార్యాలయంలో ఒకరికి పేరు పెట్టి అప్పగిస్తే, 7 పనిదినాల గడువులో ఒక్కరోజు కూడా వృథా కాదు. దీనికి పట్టేది పది నిమిషాలు. రద్దయిన రిజిస్ట్రేషన్‌ను తిరిగి పొందడానికి పట్టే కాలం అంతకంటే చాలా ఎక్కువ.