తూము కాడ నీరటి

హన్మకొండ బస్టాండులో హైదరాబాద్ బస్సెక్కే ముందు కొందరు ఆడవాళ్ళు నీళ్ళసీసా మూత తీయరు. పొద్దున చాయ కూడా మానేసి వస్తారు. జనగామ దాకా ఓర్చుకోగలనా, ఆలేరులో బస్సు ఆగుతుందా, భువనగిరి దాటితే ఉప్పల్ దాకా ఇంకెక్కడా దిగే వీల్లేదు కదా! దారంతా వాళ్ళ లెక్క ఇదే. జాతరకు రమ్మంటే రారు, పెళ్ళికి రమ్మంటే రారు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటారు. మగవాళ్ళ కథ కూడా ఇంతే, కాకపోతే వాళ్ళు "షుగరుంది కదా" అని సర్దుకుంటారు.

నేను ఈ మాటెత్తగానే మీ నాయనమ్మ "పిల్లల ముందట గిదేం ముచ్చట?" అని లోపలికి పోయింది. పోనీ. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళు నలుగురికీ చొక్కా గుండీ విప్పి చూపిస్తారు. ఒంటేలు ఆగట్లేదన్న మాట మాత్రం డాక్టరు దగ్గర కూడా నోరు దాటదు. అందుకే ఇవాళ ఆ కబురే చెప్తా. మూత్రం అదుపు తప్పినవాళ్ళకు నరాల పక్కన పెట్టే చిన్న కరెంటు పరికరాల కబురు.

పరికరం సంగతి తెలియాలంటే ముందు మూత్రాశయం సంగతి తెలియాలి. మనది చెరువుల సీమ. పాకాల, రామప్ప, లక్నవరం మీరు చూసినవే. చెరువుకు కట్ట ఉంటుంది, కట్ట కింద తూము ఉంటుంది. తూము ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో చూసుకోవడానికి ఊరు ఒక నీరటిని పెట్టుకుంటుంది. నీరటి తనకు తోచినప్పుడు తూము తీయడు, ఊళ్ళోంచి పెద్దమనిషి కబురు రావాలి.

మూత్రపిండాలు రోజుకు సుమారు లీటరున్నర వదులుతాయి. అది చేరే చెరువు మూత్రాశయం, పెద్దవాళ్ళలో నాలుగైదు వందల మిల్లీలీటర్లు పడుతుంది. సగం కూడా నిండకముందే, నూటయాభై, రెండొందల మిల్లీలీటర్లకే గోడ కొంచెం సాగి "నీళ్ళొస్తున్నయ్" అని నరాల మీదుగా కబురు పైకి పోతుంది. నడుము కింద, పిర్రల నడుమ ఉండే ఎముకను త్రికాస్థి అంటారు. వెన్నుపాము అడుగున, ఆ త్రికాస్థి నరాలు మొదలయ్యే చోట మన నీరటి ఉన్నాడు. పైన మెదడు పెద్దమనిషి. "ఇంకా ఆగు, బస్సులో ఉన్నాం" అని పెద్దమనిషి అంటే నీరటి తూము బిగించి కూచుంటాడు. చోటు, సమయం కుదిరాక "ఇక వదులు" అని హుకుం వస్తుంది. అప్పుడు తూము సడలుతుంది, గోడ కండరం బిగుస్తుంది. రెండూ ఒకేసారి జరగాలి. ఆ హుకుం మెదడు కాండంలో ఏ చోటు నుంచి వస్తుందో 1925లో లండన్‌లో బారింగ్టన్ అనే సర్జను పిల్లుల మీద పరిశోధించి గుర్తించాడు. చంటిపిల్లలకు ఈ పెద్దమనిషి ఇంకా పెత్తనానికి రాలేదు కాబట్టి నిండగానే వదిలేస్తారు.

"మరి ఏది చెడితే అదుపు తప్పుతది తాతా?"

మంచి ప్రశ్న బిడ్డా, ఒక్కటే జవాబు లేదు. కొందరికి చెరువులో నాలుగు బిందెల నీళ్ళు లేకముందే "కట్ట తెగుతోంది" అని కేకలు మొదలవుతాయి. పరుగెత్తాలి, ఆలస్యమైతే బట్టలు తడుస్తాయి. ఇది అతిచురుకు మూత్రాశయం. షుగరు చాలాకాలం ఉన్నవాళ్ళలో కొందరికి దీనికి ఉల్టా. నరాలు మొద్దుబారి చెరువు నిండిన సంగతే ఊరికి తెలియదు, చివరికి అలుగు పారినట్టు కారుతూనే ఉంటుంది. ముసలి మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి తూముకే అడ్డం పడుతుంది. దగ్గినా తుమ్మినా చుక్క పడటం తూము సడలిపోవడం వల్ల, అది ఇంకో రకం. పైకి అన్నీ ఒకేలా కనిపించినా మందు ఒకటి కాదు.

మన పక్కనే నల్లగొండలో ఇంకో దారుణం ఉంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే వెన్నెముక స్నాయువులు ఎముకలా గట్టిపడతాయి, లోపలి సందు ఇరుకై వెన్నుపాము నలుగుతుంది. ఊరికీ చెరువుకూ మధ్య దారే తెగుతుందన్నమాట. కాళ్ళు బిగుసుకుపోతాయి, కొందరికి మూత్రం మీద పట్టు కూడా పోతుంది. మన దేశంలో ఈ జబ్బును నెల్లూరు జిల్లాలో చూసి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. తర్వాత దీని వల్ల నరాలకు కలిగే చేటును ఏళ్ళ తరబడి అధ్యయనం చేసినవారిలో హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ముఖ్యులు.  ఇలాంటి రోగికి ముందు చేయాల్సింది వెన్నుపాము మీది ఒత్తిడి తీయడం. కరెంటు పరికరం ఆలోచన ఆ తర్వాతే.

ఇక కరెంటు దగ్గరికొద్దాం. మొదట్లో అందరి బుద్ధీ బలప్రయోగం మీదే పోయింది. 1963లో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో కాల్డ్‌వెల్ అనే సర్జను తూము కండరానికే తీగలు పెట్టి, కరెంటుతో బిగించి ఉంచాలని చూశాడు. ఆ తర్వాత లండన్‌లో గైల్స్ బ్రిండ్లీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కోసం నరాల ముందు వేళ్ళకు, అంటే వెన్నుపాము నుంచి కండరాలకు హుకుం మోసే మొదళ్ళకు, తీగలు తొడిగాడు. మీట నొక్కితే మూత్రం రావాలి. చిక్కేమిటంటే అదే కరెంటుకు గోడా బిగుస్తుంది, తూమూ బిగుస్తుంది. అతను పట్టిన కిటుకు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. తూము కండరం కరెంటు ఆగగానే వదులవుతుంది. గోడ కండరం బద్ధకపుది, కాసేపు బిగిసే ఉంటుంది. కాబట్టి కరెంటు కాసేపు ఇచ్చి, కాసేపు ఆపితే, ఆ ఆగిన సందులో ధార వస్తుంది! ఇలా విడతలు విడతలుగా ఖాళీ చేయిస్తారు. కానీ దీనితోపాటు కబురు తెచ్చే వెనుక వేళ్ళను సాధారణంగా కోసేయాల్సి వచ్చేది. పూర్తిగా పక్షవాతం వచ్చినవాళ్ళకు అది సరే, బస్సు ఎక్కడానికి భయపడే మన ఆడవాళ్ళకు అది కుదరదు.

అసలు మలుపు శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, ఈజిప్టులో పుట్టిన ఎమిల్ తనాగో, రిచర్డ్ ష్మిట్ కలిసి 1970ల నుంచి త్రికాస్థి నరాల మీద పనిచేశారు. 1980ల మొదట్లో మనుషులకు పరికరం పెట్టడం మొదలైంది. ఇక్కడ కరెంటు ఇచ్చేది కండరాన్ని బిగించడానికి కాదు. మూడో త్రికాస్థి నరం పక్కన సన్నని తీగ పెట్టి, సెకనుకు సుమారు 14 సార్లు చాలా కొద్ది కరెంటు తాకిస్తారు. అది ఎక్కువగా కబురు తెచ్చే నరపు పోగుల్లో పైకి పోయి, నీరటి చెవిన పడే తప్పుడు కేకలను తగ్గిస్తుంది. గుట్టు పూర్తిగా ఇంకా తేలలేదు, ఫలితం మాత్రం తేలింది. చిత్రమేమిటంటే, చెరువు నిండినా నీళ్ళు వదలనివాళ్ళలో కొందరికి కూడా, తూముకు అడ్డం ఏదీ లేకపోతే, ఇదే పనిచేస్తుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 1997లో ఆగని మూత్రానికీ, 1999లో ఈ రెండో రకానికీ మెడ్‌ట్రానిక్ వాళ్ళ ఇంటర్‌స్టిమ్‌కు అనుమతిచ్చింది. ఆ కంపెనీని ఇద్దరు బావాబామ్మర్దులు 1949లో మినియాపొలిస్ గ్యారేజీలో ఆసుపత్రి సామాన్లు బాగుచేస్తూ మొదలుపెట్టారు. వాళ్ళలో ఎర్ల్ బాకెన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. ఇలాంటి పరికరానికి నరాల చదువూ కావాలి, కరెంటు చదువూ కావాలి. మన ఊళ్ళో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైందీ, నెహ్రూ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీకి పునాదిరాయి వేసిందీ 1959లోనే. అంటే ఆ రెండు చదువులూ ఒకే ఏడు ఓరుగల్లుకు వచ్చాయి. 

తీగ సరైన చోట పడిందని ఎలా తెలుస్తుందనుకున్నారు? రోగిని బోర్లా పడుకోబెట్టి, త్రికాస్థి ఎముకలోని సహజమైన రంధ్రం గుండా సూది పంపి కరెంటు ఇస్తే, కాలి బొటనవేలు కిందికి ముడుచుకుంటుంది. మలద్వారం చుట్టూ కండరం లోపలికి లాక్కుంటుంది. వైద్యులు చూసేది ఆ బొటనవేలినే! ఇంకో మంచి సంగతి, ముందు పరీక్ష. పరికరం బయటే పెట్టి కొద్దిరోజులు, ఒక్కోసారి రెండు వారాలు చూస్తారు. బాధ కనీసం సగం తగ్గితేనే అసలుది పిర్ర పైభాగంలో చర్మం కింద పెడతారు. తగ్గకపోతే తీగ తీసేస్తారు. నాకు తెలిసి ఇంత నిజాయితీగా "ముందు వాడి చూడు" అనే ఆపరేషను తక్కువ.

పరికరాలూ చిన్నవవుతూ వచ్చాయి. 2019లో ఆక్సోనిక్స్ అనే కంపెనీ చర్మం మీద నుంచే చార్జింగ్ పెట్టుకునే రకానికి అమెరికాలో అనుమతి తెచ్చుకుంది. 2020లో వచ్చిన ఇంటర్‌స్టిమ్ మైక్రో పరిమాణం మూడు మిల్లీలీటర్ల కన్నా తక్కువ.

"చీలమండ దగ్గర కూడా పెడతారట కదా తాతా?"

పెడతారు. కాలి మడమ లోపలివైపు నుంచి పైకి పోయే టిబియల్ నరం వెన్నులో కలిసేది మూత్రాశయం నరాల పక్కనే. శాన్‌ఫ్రాన్సిస్కోలోనే మార్షల్ స్టోలర్ అక్కడ సన్నని సూది గుచ్చి, వారానికోసారి అరగంట చొప్పున పన్నెండు వారాలు కరెంటు ఇచ్చే పద్ధతి తెచ్చాడు. చైనా ఆక్యుపంక్చర్ వాళ్ళు మూత్ర సమస్యలకు గుచ్చే చోటు కూడా దాదాపు అదే. వారం వారం ఆసుపత్రికి తిరగలేనివాళ్ళ కోసం అక్కడే చర్మం కింద పెట్టే పరికరాలు వచ్చాయి. దాదాపు రూపాయి బిళ్ళంత వెడల్పుండే ఈకాయిన్‌కు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. రెవీ అనే దానికి 2023లో వచ్చింది. రెవీలో బ్యాటరీయే లేదు, కాలికి పట్టీ కట్టుకుంటే అందులోంచి శక్తి అందుతుంది. వెన్ను దగ్గరికి పోనక్కర్లేదు కాబట్టి ముందుముందు మన చిన్న ఊళ్ళకు ముందు చేరేది ఈ చీలమండ దారేనని నా అంచనా.

అయితే ఆశ పెట్టి ఊరుకోను. త్రికాస్థి పరికరాలు మన దేశంలో పెద్ద నగరాల్లో కొన్ని ఆసుపత్రుల్లోనే పెడుతున్నారు. ఖర్చు లక్షల్లో మాట. తీగ పక్కకు జరగొచ్చు, చీము పట్టొచ్చు. ఎంఆర్ఐ తీయించేముందు లోపల పరికరముందని చెప్పి తీరాలి. అసలు అంత దూరం పోయేవాళ్ళు కొందరే. ముందు చాయ, కాఫీ తగ్గించడం, గంట గంటకూ పోయే అలవాటును కొద్దికొద్దిగా సాగదీయడం, కటి కండరాలు బిగించే వ్యాయామం, ఆ తర్వాత మాత్రలు. ఆక్సిబ్యూటినిన్ లాంటి పాత మాత్రలతో నోరెండుతుంది, ముసలివాళ్ళలో మతిమరుపు, తికమక పెరగొచ్చు. కాబట్టి దుకాణంలో అడిగి కొనుక్కోకండి. మూత్రంలో రక్తం పడినా, కాళ్ళు అకస్మాత్తుగా బలహీనపడి మూత్రం ఆగిపోయినా ఒక్కరోజు కూడా ఇంట్లో కూచోవద్దు.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పోయినా, ఇంకెక్కడికి పోయినా డాక్టరు మొదట అడిగేది మూడు రోజుల పట్టీ. ఎన్ని గంటలకు ఎంత తాగారు, ఎన్ని గంటలకు ఎంత పోశారు, ఎప్పుడు ఆగలేదు. ముందే రాసుకుపోతే సగం పని అయినట్టే. కొలవడానికి గీతలున్న ప్లాస్టిక్ గ్లాసు మందుల దుకాణంలో దొరుకుతుంది. దాన్ని బాత్రూంలోనే ఉంచమని మీ నాయనమ్మ లోపలి నుంచి అరుస్తోంది, అంటే ఇంతసేపూ విన్నదన్నమాట.