తోమినా పోని ఎర్ర చార: బస్తర్ వంటింటి లెక్కలు

బోరునీళ్లు వాడే వంటింట్లో కుళాయి కింద, సింకు అంచున ఎర్రటి చార కనిపిస్తుంటుంది. ఇవాళ తోమితే పలచబడుతుంది, వారం తిరక్కముందే మళ్లీ తేలుతుంది. కిరందుల్, బచేలీ, జగదల్‌పూర్ వైపు కాపురమున్న తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. బైలడీలా కొండల్లో 1968 నుంచి తవ్వి విశాఖకు పంపుతున్న ఇనుమే, ఇక్కడి నేలలోని నీళ్లలోనూ కొద్దో గొప్పో కరిగి ఉంటుంది.

ఎంత ఇనుము అంటారా? తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండొచ్చని మన దేశ ప్రమాణం. మీ నీళ్లు సరిగ్గా ఆ హద్దులోనే ఉన్నాయనుకుందాం. వంటకు, అంట్లకు, తుడుపుకు కలిపి రోజుకు పది బకెట్లు, బకెట్టుకు 15 లీటర్లు. అంటే 150 లీటర్లలో 150 మిల్లీగ్రాములు; ఏడాదికి దాదాపు 55 గ్రాములు. దానికి గాలి తగిలి తుప్పయితే బరువు 80 గ్రాముల దాకా పెరుగుతుంది. అందులో ఎక్కువ భాగం తూములో పోతుంది. నీళ్లు నిలిచి ఆరిన చోట మాత్రం కొంత మిగిలిపోతుంది. హద్దు దాటని నీళ్ల సంగతే ఇది.

కాబట్టి నీళ్లు నిలవకుండా చూడటమే మొదటి పని. అది పనిమనిషి చేతిలో లేదు, మేస్త్రీ చేతిలో ఉంది. రెండడుగుల వెడల్పున్న అరుగుకు సింకు వైపు 6 మిల్లీమీటర్ల వాలు ఇస్తే చాలు. పెన్సిలు మందమంత. గిన్నెలు జారవు, నీళ్లు జారతాయి. బోరునీళ్లు రాత్రి డ్రమ్ములో పట్టి ఉంచితే ఇనుము చాలావరకు అడుక్కి దిగుతుంది. పొద్దున పైనీళ్లు వాడుకోవచ్చు.

బ్లీచింగ్ వేస్తే పోదా? పోదు. బ్లీచింగ్ నాచు లాంటివాటిని తెల్లబరుస్తుంది. తుప్పును కరిగించాలంటే పులుపు కావాలి: నిమ్మరసం, చింతపండు, సిట్రిక్ ఆసిడ్ పొడి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. బ్లీచింగ్‌నూ, టాయిలెట్ కడిగే ఆసిడ్‌నూ ఒకేచోట ఎప్పుడూ కలపకూడదు. కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. కిటికీ మూసిన చిన్న వంటింట్లో అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పనికి కొత్తగా వచ్చిన దీదీకి ఈ మాట మొదటిరోజే చెప్పడం ఇంటివాళ్ల బాధ్యత.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అరుగు మీద పరిచింది కడప బండో, సున్నపురాయి ఫర్షీయో అయితే పులుపు తుప్పుతోపాటు రాయినీ తింటుంది. నిమ్మచెక్క రుద్దిన చోట మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. ఆ గరుకులో మరుసటి వారం తుప్పు ఇంకా గట్టిగా పడుతుంది. కాంగేర్ లోయలో కోటుంసర్ గుహను తొలిచిందీ ఈ రసాయన చర్యే. వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లం లక్షల ఏళ్లు సున్నపురాయిని కరిగిస్తూ వచ్చింది. మన అరుగుకు అంత కాలం అక్కర్లేదు, రోజూ చింతపండు పిసికితే చాలు. గ్రానైటుకు ఈ బెడద లేదు. మొత్తం అరుగుకు గ్రానైటు పరచడం ఖరీదనుకుంటే సింకు చుట్టూ రెండడుగుల మేర వేయించండి. మిగతాది కడప బండే ఉండనివ్వండి.

గనుల దగ్గరి ఇళ్లకు ఎర్రదుమ్ము బాధ అదనం. రాళ్ల గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా కొలిచే మోస్ కొలతలో సున్నపురాయి 3, ఇనుప ఖనిజం 5.5 నుంచి 6.5. పొడిగుడ్డతో రుద్దితే బండను ఉప్పుకాగితంతో గీసినట్టే. ముందు తడిగుడ్డ వేసి దుమ్మును ఎత్తాలి, రుద్దడం తర్వాత.

ఈ దుమ్ము పోపు ఆవిరితో కలిసి పొయ్యి వెనక గోడ మీద జిడ్డుగా పేరుకుంటుంది. తోమేవాళ్ల చేతులు నొప్పి పెట్టేది టైల్స్ మీద కాదు, వాటి సందుల్లో. ఆరడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు గోడకు నాలుగంగుళాల టైల్స్ వేస్తే 270 పడతాయి. సందులన్నీ కలిపితే 169 అడుగులు. అదే గోడకు రెండడుగులు x అడుగు టైల్స్ వేస్తే 15 చాలు, సందులు 34 అడుగులే. అయిదో వంతు. కేటలాగులో చిన్న టైల్స్ ముచ్చటగానే ఉంటాయి. ఫోటో తీసేవాళ్లు వాటిని తోమరు కదా!

ఆవిరిని గోడ దాకా రానివ్వకపోతే ఇంకా మేలు. వంటింట్లో గాలి గంటకు 15 సార్లు మారాలన్నది మామూలుగా చెప్పే లెక్క. 8 x 10 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అంటే సుమారు 23 ఘనపు మీటర్లు. పదిహేనుతో గుణిస్తే గంటకు 340 చిల్లర. ఎగ్జాస్ట్ ఫ్యాన్ డబ్బా మీద గాలి తోసే శక్తి ఇదే కొలతలో రాసి ఉంటుంది. అంకె అంతకు తగ్గకుండా చూసి కొనండి. బయటి గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా ఊరికే తిరుగుతుంది. వంటింటికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలని జాతీయ భవన నియమావళి చెప్పేది అందుకే.

పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య దూరాలకూ ఒక లెక్కుంది. వర్క్ ట్రయాంగిల్ అంటారు. మూడింటినీ కలిపే త్రికోణం అన్నమాట. 1940లలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం తేల్చినదాని ప్రకారం ఒక్కో భుజం 4 నుంచి 9 అడుగులు, మూడూ కలిపి 13 నుంచి 26 అడుగులు ఉండాలి. మన ఇళ్లలో అంట్లు తోమేది పెరట్లో. పొయ్యి నుంచి పెరటి కుళాయికి 20 అడుగులు, రోజుకు 30 సార్లు పోయిరావడం అనుకుంటే 1,200 అడుగులు. ఏడాదికి 130 కిలోమీటర్ల పైమాటే, జగదల్‌పూర్‌లో బయల్దేరితే దంతెవాడ దాటిపోవచ్చు. తడి కాళ్లతో, తడి గిన్నెలతో నడిచే ఆ దారంతా మళ్లీ తుడవాలి. అలాగని పెరటి కుళాయి తీసేయమనను. డేగిశాలు, మసిగిన్నెలు తోమడానికి దాన్ని మించిన చోటు లేదు. బియ్యం, కూరలు కడగడానికి పొయ్యికి నాలుగైదడుగుల్లో ఒక చిన్న సింకు ఉంటే సగం నడక తగ్గుతుంది.

ఇక సిలిండరు. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. కాబట్టి అరుగు కింది అలమరకు పైన మాత్రమే కాదు, అడుగున కూడా గాలి రంధ్రాలు పెట్టించాలి. సురక్షా గొట్టం పొడవు ఒకటిన్నర మీటరుకు మించదు గనుక పొయ్యికి దూరంగా ఎక్కడో దాచలేం. 14.2 కిలోల గ్యాస్, ఇనుప డబ్బా బరువు అదనం. చక్రాల స్టాండు మీద పెడితే తుడిచేవాళ్లు నడుం పట్టేయకుండా పక్కకు లాగగలరు. అలా లాగినప్పుడే గొట్టం మీద అచ్చేసిన సంవత్సరం చూడండి. అయిదేళ్లు దాటితే మార్చాలి.