ఎవరు చేశారన్న ప్రశ్న

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒక మాట ఇప్పటికీ మనుషుల ప్రాణాలు తీస్తోంది. ఆ మాట బాణామతి. కొందరు చేతబడి అంటారు, కొందరు మంత్రాలు చేసిండ్రు అంటారు. ఏమని పిలిచినా భావం ఒకటే: నా జబ్బుకు, నా ఇంట్లో చావుకు, నా బర్రె పాలు ఇవ్వకపోవడానికి ఎవరో ఒక మనిషి కారణం. 2020 నవంబరులో జగిత్యాల జిల్లా మల్యాల మండలంలో ఈ అనుమానంతోనే ఒక మనిషిని సజీవంగా తగలబెట్టారు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో ఒక తండ్రినీ, ఆయన ఇద్దరు కొడుకులనూ పదిమంది కూడిన చోటే పొడిచి చంపారు. ఇవి పత్రికలకెక్కినవి. మంత్రం పలకకుండా చేయాలని ముసలివాళ్ల పళ్లు ఊడగొట్టడం, చెట్టుకు కట్టి కొట్టడం, ఊరి నుంచి వెళ్లగొట్టడం ఈ ప్రాంతం ఎరిగిన పాత దారుణాలే.

మన సంఘాల్లోనూ ఈ విషయమై ఒక ప్రశ్న తరచు వినిపిస్తుంది. ఇది దయ్యం పనా, మనసు జబ్బా? ప్రార్థన చేయించాలా, డాక్టరు దగ్గరకు పోవాలా? ఈ ప్రశ్నకు జవాబు వెదికేముందు మానసిక వైద్యం ఏం చెబుతోందో, వాక్యం ఏం చెబుతోందో రెండూ నిదానంగా చూద్దాం.

మనసు బాధ శరీరంలో

మానసిక శాస్త్రం ఈ సంగతులను మొదటినుంచీ పట్టించుకుంటూనే ఉంది. స్విట్జర్లాండుకు చెందిన కార్ల్ యూంగ్ 1902లో డాక్టరేటు కోసం రాసిన గ్రంథమే పూనకంలో ఆత్మలతో మాట్లాడే ఒక అమ్మాయి గురించి. ఫ్రాయిడ్ 1923లో, సాతానుతో ఒప్పందం రాసుకున్నానని నమ్మిన 17వ శతాబ్దపు చిత్రకారుడి కథను పరిశీలించి, తండ్రి పోయిన దుఃఖం దాని వెనక ఉందని రాశాడు.

మన పల్లెల్లో కనిపించేది కూడా దీనికి దూరం కాదు. ఒక కోడలు ఉన్నట్టుండి కుక్కలా మొరుగుతుంది, వేరే గొంతుతో మాట్లాడుతుంది, కాళ్లు చేతులు కొట్టుకుంటుంది. తెప్పరిల్లాక ఏమీ గుర్తుండదు. ఇది నటన కాదు. నోటితో చెప్పుకోలేని బాధ పేరుకుపోయినప్పుడు మనసు కాసేపు తన పట్టు వదిలేస్తుంది, శరీరం ఆ బాధను తన భాషలో చెబుతుంది. భర్త గల్ఫ్‌కు పోయి ఏళ్లు గడిచిన ఇంట్లో, పత్తి పంట పోయి అప్పులవాళ్లు గడపలో కూర్చున్న ఇంట్లో, చెప్పుకోలేని బాధకు కొదవ ఏముంటుంది? పైగా "నాకు బాధగా ఉంది" అంటే వినని ఇల్లు, "నాకు పట్టింది" అంటే చుట్టూ చేరుతుంది. ఒకరికి వచ్చింది చూసి అదే భయంలో ఉన్న మరో నలుగురికి రావడమూ వైద్యులు ఎరిగినదే.

రాత్రివేళ గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు, అరవాలన్నా గొంతు రానట్టు ఉండడం ఇంకొకటి. కలలు వచ్చే నిద్రలో మన కండరాలు కదలకుండా ఉంటాయి. ఆ స్థితి వదలకముందే మెలకువ వస్తే, కళ్లు తెరిచే ఉంటాయి, ఒళ్లు కదలదు. ఆ భయంలో కల కూడా కళ్లముందే నిలుస్తుంది. కొన్ని క్షణాల్లో, మహా అయితే కొద్ది నిమిషాల్లో పోతుంది.

మరి మంత్రం పెట్టారని తెలియగానే మనిషి చిక్కిపోవడం మాటేమిటి? అమెరికా శరీరశాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1942లో దీనిమీదే ఒక వ్యాసం రాశాడు. తనకు చావు తప్పదని నమ్మిన మనిషి తిండి మానేస్తాడు, నిద్రపోడు, ఎడతెగని భయం గుండెను, రక్తప్రసరణను దెబ్బతీస్తుంది అని వివరించాడు. అక్కడ పని చేసింది నిమ్మకాయ కాదు, భయం. మంత్రగాడి దగ్గర కొందరికి నయం కావడానికీ ఇదే కారణం. నమ్మకం భయాన్ని దింపుతుంది, కొన్ని జబ్బులు వాటంతట అవే తగ్గుతాయి, పేరు మాత్రం తాయెత్తుకు వస్తుంది.

మనసుతో సంబంధం లేని శరీర రోగాలూ ఈ ఖాతాలో పడుతున్నాయి. మూర్ఛ అలాంటిదే. మలేరియా మెదడుకెక్కితే రోగి పిచ్చిగా మాట్లాడతాడు. ఆదిలాబాద్ గూడేల్లో ఉన్న సికిల్ సెల్ రక్తహీనతలో ఎముకలు విరిగినట్టు నొప్పి వచ్చి పోతుంటుంది. అది పుట్టుకతో వచ్చిన రక్తదోషం, పొరుగువాడు పంపింది కాదు.

ప్రభువు తిరస్కరించిన ప్రశ్న

ఇంత చెప్పినా మనిషి మనసు ఊరుకోదు. ఇవాన్స్ ప్రిచర్డ్ అనే ఆంగ్ల పరిశోధకుడు ఆఫ్రికాలోని అజాండే ప్రజల మధ్య ఉండి 1937లో ఒక పుస్తకం రాశాడు. ధాన్యపు కొట్టం కూలి కింద కూర్చున్నవాళ్ల మీద పడింది. చెదలు స్తంభాలను తిన్నాయని వాళ్లకూ తెలుసు. కాని వాళ్ల ప్రశ్న అది కాదు. ఆ సమయానికే ఎందుకు కూలింది? వీళ్లు కింద ఉన్నప్పుడే ఎందుకు? ఆ 'ఎందుకు' అన్నదానికి జవాబుగా వాళ్లు ఒక మనిషిని వెదికేవారు. మన దగ్గర అంజనం వేసేవాడు చేసేదీ అదే. "ఎందుకు" అని ఏడుస్తూ వచ్చినవాళ్ల చేతిలో "ఎవరు" అన్న జవాబు పెట్టి పంపుతాడు. ఆ జవాబు ఎప్పుడూ బలవంతుడి ఇంటికి పోదు. విధవ, ముసలామె, వారసత్వ భూమి ఉన్న ఒంటరి మనిషి, పాలివాడు, వీళ్ల గడపే తొక్కుతుంది.

యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇలాంటి ప్రశ్నే వేశారు. ఎవరి పాపం, వీడిదా, తల్లిదండ్రులదా? ప్రభువు ఆ ప్రశ్నను అక్కడే తోసిపుచ్చి ఆ మనిషిని బాగుచేయడానికి పూనుకున్నాడు. సువార్తలన్నీ చదవండి. ఆయన దయ్యాలను వెళ్లగొట్టాడు, నిజమే. కాని దీన్ని నీమీదికి పంపింది ఎవరు అని ఒక్కరినీ అడగలేదు, ఒక పొరుగువాడి పేరూ చెప్పలేదు.

మత్తయి 4:24 కూడా గమనించాలి. దయ్యం పట్టినవారు, చాంద్రరోగులు, పక్షవాయువు గలవారు అని అక్కడ వేరువేరుగా లెక్క ఉంది. మూర్ఛరోగుల్నే మన అనువాదం చాంద్రరోగులంది. అన్ని బాధలనూ ఒకే గాటన కట్టడం వాక్యం నేర్పింది కాదు. ఏలీయా చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకుంటే దేవుడు మొదట ఇచ్చింది నిద్ర, రొట్టె, నీళ్లు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఇక ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం సోదెను, మంత్రాన్ని నిషేధించింది. ఆ నిషేధం మనం వాటి జోలికి పోకూడదని. పక్కింటి మనిషి మీద ముద్ర వేయడానికి ఇచ్చిన అధికారం కాదు.

ఆ తేడా మరిచిన క్రైస్తవులు చేసింది చరిత్రలో ఉంది. 1692లో అమెరికాలోని సేలంలో, అమ్మాయిలకు వచ్చిన మూర్ఛలను, కేకలను మంత్రప్రయోగంగా తీర్చి 19 మందిని ఉరితీశారు, ఒకరిని బండరాళ్ల కింద నలిపి చంపారు. అయిదేళ్లకు, 1697లో, ఆ న్యాయాధిపతుల్లో ఒకడైన శామ్యూల్ సీవల్ బోస్టన్ గుడిలో లేచి నిలబడి తన అపరాధపు ఒప్పుకోలును కాపరి చేత చదివించుకున్నాడు. అప్పటికి చనిపోయినవారు తిరిగి రాలేదు.

సంఘం చేయవలసింది

కాబట్టి కాపరులకు ఒక మాట. ప్రార్థన చేయండి, తప్పకుండా చేయండి. కాని "నీమీద ఎవరో చేశారు" అని ఒక్కసారి అన్నారా, మీరు మంత్రగాడి పని చేసినట్టే. మీ నోటి మాటను ఆ ఇంటివాళ్లు ప్రవచనంగా తీసుకుంటారు, రాత్రికి ఎవరింటి మీదికో పోతారు. మందులు మానేయమని చెప్పకండి. మూర్ఛ మందు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. స్వస్థత పేరుతో ఎవరినీ కట్టేయకండి. మానసిక రోగిని గొలుసులతో బంధించడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది, ప్రార్థన మందిరానికి అందులో మినహాయింపు లేదు.

పెన్‌గంగ అవతల మహారాష్ట్ర 2013లోనే ఇలాంటి ఆచారాల మీద ప్రత్యేక చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసింది. ప్రత్యేక చట్టం ఉన్నా లేకున్నా కొట్టడం, చంపడం ఎక్కడైనా నేరమే. మీ ఊళ్లో ఎవరి పేరైనా గుసగుసల్లో తిరుగుతుంటే పోలీసులకు చెప్పడానికి రక్తం చిందేదాకా ఆగనక్కర లేదు. బాధలో ఉన్నవారి కోసం 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సేవ కింద ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి, వెంట ఒక విశ్వాసి వెళ్లండి.

గత శతాబ్దం ఎనభైలలో మెదక్ పల్లెల్లో బాణామతి భయం చెలరేగినప్పుడు, విజయవాడ నాస్తిక కేంద్రంవారు ఊరూరా తిరిగి జనానికి ధైర్యం చెప్పారు. దేవుడు లేడనేవారు అనుమానితుల గడప దాకా వెళ్లారు. సమస్త అధికారం క్రీస్తుకు ఇయ్యబడిందని ప్రతి ఆదివారం ఒప్పుకునే మనం నిమ్మకాయకు, పసుపు కుంకుమకు జడిసి ఆ వీధిలోంచి నడవకుండా ఉండవచ్చునా?

మీ ఊళ్లో మంత్రగత్తె అని పేరుపడిన ముసలమ్మ ఎవరో మీకు తెలిసే ఉంటుంది. ఆమె ఇంటికి వెళ్లండి. ఆమె పోసిన మంచినీళ్లు పదిమంది చూస్తుండగా తాగండి. ఆ సంగతి ఊరంతా పాకుతుంది, ఆ పని మన ప్రసంగాలు చేయలేవు.