రెండు దినముల స్టార్టప్ శిబిరము: మన నేతవారికి దాని ప్రయోజనము

ఒక మంచిపని తలపెట్టి, దానికొక ధర్మసంస్థను స్థాపింపవలెనని యోచించు యువకులు నేడు మన కుటుంబములలో పెక్కుమంది కలరు. వారికి డబ్బుకంటె ముందు కావలసినది, తమ యాలోచన నిలుచునో నిలువదో పరీక్షించుకొను మార్గము. స్టార్టప్ వీకెండ్ అను వారాంతపు శిబిరము అట్టి మార్గములలో నొకటి. 2024 ఆగస్టులో మన సంఘమువారము ముగ్గురము బెంగుళూరులో ఈ పద్ధతిని జరిగిన యొక శిబిరమునకు పోయి వచ్చితిమి. అక్కడ తెలిసికొన్న సంగతులను పాఠకులకు నివేదించుచున్నాము.

శిబిరము నడచు తీరు

ఈ పద్ధతి 2007లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున, బౌల్డరు పట్టణములో పుట్టినది. ఆండ్రూ హైడ్ అనునతడు దీనిని ప్రారంభించెను. తరువాత అనేక దేశములకు వ్యాపించినది. శుక్రవారము సాయంకాలము మొదలై ఆదివారము రాత్రితో ముగియును. మొత్తము 54 గంటలు. మొదటి సాయంకాలము ఎవరైనను లేచి తమ యాలోచనను ఒక్క నిమిషములో చెప్పవచ్చును. విన్నవారు నచ్చినవానికి ఓట్లు వేయుదురు. ఎక్కువ ఓట్లు వచ్చినవాని చుట్టు జట్లు ఏర్పడును. ఆపైన రెండు దినములు ఆ జట్లు పనిచేయును. అనుభవజ్ఞులు వచ్చి సలహాలు చెప్పుదురు. ఆదివారము సాయంకాలము న్యాయనిర్ణేతల యెదుట తమ పనిని కొలది నిమిషములలో చూపవలెను. వారు ముఖ్యముగా చూచునవి మూడు: ఎవరికొరకు చేయుచున్నారో వారిని విచారించిరా, డబ్బు ఏ దారిన వచ్చును, చేసి చూపిన దేమి.

మేము చెప్పిన సంగతి

మేము ఆ నిమిషములో చెప్పినది బీమా విషయము. 2015 మే నెలలో కేంద్రప్రభుత్వము రెండు బీమా పథకములు ప్రారంభించినది. ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో 18 మొదలు 50 ఏండ్లవరకు వయస్సుగలవారు చేరవచ్చును. చేరినవాడు ఏ కారణమున మరణించినను కుటుంబమునకు 2 లక్షల రూపాయలు వచ్చును. సురక్షా బీమాలో 70 ఏండ్లవరకు చేరవచ్చును; ప్రమాదమున మరణించినచో 2 లక్షలు వచ్చును. 2022 జూన్ మొదలు మొదటిదానికి ఏటికి 436 రూపాయలు, రెండవదానికి 20 రూపాయలు చందా. రెండును కలిసి 456 రూపాయలు. ఏటేట మే నెల చివరివారములో ఈ మొత్తమును బ్యాంకువారే ఖాతానుండి తీసికొందురు. ఆనాడు ఖాతాలో డబ్బు లేకున్న బీమా ఆగిపోవును.

చేనేత గుర్తింపు కార్డుగలవారికి ప్రభుత్వ సంక్షేమపథకము క్రింద వేరు ఏర్పాటు కలదు. మరమగ్గములమీద కూలికి నేయువారు, కండెలు చుట్టువారు, అద్దకపు పనివారు తమ ఖాతానుండియే చందా కట్టుకొనవలెను. వీరికి కాగితములు నింపి పెట్టుటకు, గడువు గుర్తుచేయుటకు ఒక ధర్మసంస్థ పెట్టవలెనని మా సంకల్పము. ఓట్లు వచ్చినవి. కంప్యూటరు చదువుచున్న విద్యార్థు లిద్దరును, బ్యాంకులో పనిచేసి విరమించిన పెద్ద యొకరును మా జట్టులో చేరిరి. విద్యార్థులు అప్పటికప్పుడే సెల్‌ఫోనులో గుర్తుచేయు యాప్ తయారుచేయుటకు పూనుకొనిరి.

దొడ్డబళ్ళాపురములో

శనివారము ఉదయము జట్లన్నియు బయటికి పోయి జనులను విచారింపవలెనని నియమము. మేము దొడ్డబళ్ళాపురము పోయితిమి. అది పట్టుచీరెల మరమగ్గములకు పేరుపడిన ఊరు. ఒక వీధిలో ఇంటింట అడిగితిమి. బీమా అనగా తెలియనివారు అరుదు. ఎప్పుడో బ్యాంకులో సంతకము చేసితిమనియే పలువురు చెప్పిరి. అది నేడు చెల్లునో చెల్లదో మాత్రము చెప్పలేకపోయిరి.

ఒక యింట పాసుబుక్కు తెరచి చూచితిమి. 2022లో 436 రూపాయలు తీసికొన్న పద్దు కలదు. 2023లో లేదు, 2024లోను లేదు. ఆ యింటి యజమాని ప్రక్కగదిలో మగ్గము నడుపుచున్నాడు. తనకు బీమా కలదనియే ఆయన నమ్మకము. భార్యయు, ఇద్దరు బిడ్డలును ఆయన కూలిమీదనే బ్రదుకుచున్నారు.

కారణము అడుగగా తేలికగనే తెలిసినది. కూలి వారము వారము చేతికి నగదుగా వచ్చును. బ్యాంకులో నిలువ ఉండదు. మే నెల పెండ్లిండ్ల నెల; వెనువెంటనే బిడ్డల బడి ఖర్చులు. సరిగా ఆ వారముననే ఖాతా వట్టిపోవును. కావున వారికి లోటు కాగితములది కాదు, గుర్తుచేయు యాప్‌ది కాదు. ఒక్క వారము ఆ 456 రూపాయలు ఖాతాలో నిలుచుటయే కావలసినది. ఒకసారి ఆగిన జీవనబీమాలో మరల చేరినచో మొదటి 30 దినములు ప్రమాదమరణమునకు తప్ప వర్తింపదు. ఈ సంగతి మాతో వచ్చిన బ్యాంకు పెద్ద చెప్పువరకు ఆ వీధిలో ఎవరికిని తెలియదు.

డబ్బిచ్చునది ఎవరు?

ఆదివారము న్యాయనిర్ణేతలు మమ్ములను అడిగిన ముఖ్యప్రశ్న ఇది. చీరెల వ్యాపారములో చీరె కట్టునామెయే వెల యిచ్చును. ధర్మసంస్థలో మేలు పొందువారు వేరు, ఖర్చు భరించువారు వేరు. ఇరువురికిని వేరువేరుగ సమాధానము చెప్పవలెను. ధర్మసంస్థ పెట్టదలచినవారు ఆ శిబిరమునకు పోయినందున కలుగు పెద్ద లాభము ఈ ప్రశ్నను తప్పించుకొన వీలులేకుండుటయే.

మా లెక్క యిట్లు చెప్పితిమి: చందా ఎవరిది వారిదే. పనికి కావలసినది మే నెలలో ఇంటింట తిరుగు మనిషి కూలియు, పేర్ల పుస్తకమును. దీనికి సొసైటీయో, ట్రస్టో, 2013 కంపెనీల చట్టము 8వ సెక్షను క్రింద లాభము పంచుకొనని కంపెనీయో రిజిస్టరు చేయవచ్చును. అయితే ఏటేట లెక్కలు, ఆడిట్, రిటర్నులు తప్పవు. నెలదినముల పనికి ఇంత భారమేల? ఇప్పటికే ఊరూర సంఘమున్నది. జనులు నమ్మిన పెద్దలున్నారు. మొదట ఒక్క మే నెల సంఘముద్వారా చేసి చూచి, పని పెరిగినప్పుడే సంస్థ మాట యోచింతుమని చెప్పితిమి. బహుమతి వేరొక జట్టునకు పోయినది. మాకు కావలసినది మాకు దొరకినది.

ఈ శిబిరములకు హద్దులును కలవు. సోమవారము ఉదయమునకు జట్టు చెదరిపోవును. త్వరగా పెరుగు వ్యాపారమునకే అక్కడ మన్నన. పేక వేయుట వడిగా సాగినను, పడుగు సిద్ధపరచుట వడిగా సాగదు. నలుగురి నమ్మకము కూర్చుకొనుటయు అట్టిదే. అయినను మన యువకులు పోవలసినదే. వీధిలోనికి పోయి అడిగి వచ్చుట అలవడును.

శాఖలవారికి మనవి

షోలాపురము, భివండి, సేలము, బరంపురము, యానాము మొదలగు అన్నిచోట్ల సోదరులు రాబోవు మే నెలలో ఈ నాలుగు పనులు చేయవలెనని కోరుచున్నాము. మొదటివారములో మీ వీధి కూలివారి పేర్లు వ్రాసికొనుడు. పాసుబుక్కులు చూచి నిరుడు చందా పోయినదో లేదో గుర్తింపుడు. 20వ తేదీలోపల ఖాతాలో 456 రూపాయలకు తగ్గకుండ నిలువయుంచునట్లు చెప్పుడు. వారసుని పేరు వ్రాయించినదియు లేనిదియు బ్యాంకులో కనుగొనుడు. జూన్ మొదటివారములో మరల పోయి పద్దు పడినదో లేదో చూడుడు.

మీ వీధిలో ఎన్ని యిండ్లు చూచితిరో, ఎన్నింట బీమా ఆగియున్నదో మాకు వ్రాసి పంపుడు. క్రొత్త సంస్థ కావలెనా, ఉన్న సంఘమే చాలునా అను సంగతి ఆ లెక్కలు చూచి మహాసభలో నిర్ణయించుకొందము.